అరిగిందా, అచ్చు పడలేదా?

విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయిని అరచేతిలో పెట్టుకుంటే ముందుగా కంటికి ఆనేది కిరీటం. దాని కింద జుట్టు పాయలు విడివిడిగా కనిపించాలి. కొన్ని రూపాయల మీద కనిపించవు. పాయలుండాల్సిన చోట ఉత్త చదును ఉంటుంది. పాత నాణేలు కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ మధ్య వాదమంతా ఆ చదును చుట్టూనే నడుస్తుంది. చేతులు మారి మారి ఆ పాయలు అరిగిపోయాయా, లేక టంకశాలలో దెబ్బ పడిన నాడే అవి పడలేదా? అరిగితే అది వాడిన నాణెం. పడకపోతే, పుట్టిన రోజు ఎలా ఉందో ఇవాళ కూడా అలాగే ఉన్న నాణెం. పైపైన చూస్తే రెండూ ఒకటే. ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ రెంటికీ పొంతన ఉండదు.

నాణెం పుట్టుక ఒక్క దెబ్బతో అయిపోతుంది. రెండు ఉక్కు అచ్చుల మధ్య ఖాళీ వెండి బిళ్ళను పెట్టి గట్టిగా నొక్కుతారు. ఆ ఒత్తిడికి వెండి కదిలి, అచ్చులో లోతుగా చెక్కిన ప్రతి గుంటలోకీ ఎక్కాలి. బలం చాలకపోయినా, అచ్చుల మధ్య ఎడం వెంట్రుకవాసి ఎక్కువైనా, బిళ్ళను ముందుగా సరిగ్గా కాల్చి మెత్తబరచకపోయినా, లోహం గుంట అడుగుదాకా చేరదు. బొమ్మ వైపు ముఖం బాగా ఎత్తుగా ఉంటే అదే చోట బొరుసు వైపు లోహం చాలక అక్షరాలు పీలగా పడతాయి. ఒకే గుప్పెడు వెండిని రెండు వైపులా పంచుకోవాలి కదా. సేకర్తలు దీన్ని వీక్ స్ట్రైక్ అంటారు. అచ్చు సరిగ్గా పడలేదని మనం అనుకోవచ్చు.

చూడటం తెలిసినవాళ్ళు నాణేన్ని ఒక్క దీపం కింద పెట్టి మెల్లగా వంచుతూ తిప్పుతారు. వాడని నాణెం మీద వెలుగు గిర్రున తిరుగుతుంది. దెబ్బ పడిన క్షణాన లోహం అంచుల వైపు పారినప్పుడు ఏర్పడిన అతి సన్నటి చారల వల్ల వచ్చే మెరుపు అది. ఆ వెలుగు చదును మీదుగా కూడా తెగకుండా సాగిపోతే, అక్కడ ఎవరి వేలూ రాసుకోలేదన్నమాట. వెలుగు ఆ చోటికి రాగానే ఆగిపోయి మట్టి రంగు మచ్చ తేలితే అరుగుదల. అయితే అచ్చు అసలు తగలని చోట మెరుపు లేకపోవచ్చు. అప్పుడు భూతద్దం తీయాలి. దెబ్బ తగలని చోట ఖాళీ బిళ్ళ నాటి గరుకు, చిన్నచిన్న గీతలు అలాగే మిగిలి ఉంటాయి. అరుగుదల గరుకుని మిగల్చదు, అన్నిటినీ నున్నన చేస్తుంది. పైగా దానికొక వరస ఉంది. ముందు ఎత్తుగా ఉన్నవాటిని పట్టుకుంటుంది, తర్వాత పల్లానికి దిగుతుంది. చెక్కిలి, కిరీటం పైభాగం, భుజం మీద బట్ట మడతలు, అంచు, అన్నీ తలా కాస్త పోగొట్టుకుంటాయి. అచ్చు లోపానికి ఈ వరస లేదు. ఒక్కచోట అక్షరాలు మాయమై, పక్కనే మరింత ఎత్తుగా ఉన్న ముత్యం నిక్షేపంగా ఉండవచ్చు.

అమెరికాలో విలియం షెల్డన్ 1949లో పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 వరకు ఒక కొలబద్ద తయారుచేశాడు. ఇప్పుడు చాలాచోట్ల అన్ని రకాల నాణేలకూ అదే వాడుతున్నారు. అందులో 60 ఒక గడప. అరుగుదల లేనివే ఆ గడప దాటుతాయి. ఎంత నిండుగా అచ్చు పడినదైనా సరే, కాస్త అరిగితే కిందే ఉండిపోతుంది. ముక్కూ ముఖం సరిగ్గా పడకపోయినా, అరగనిదైతే పైకి వెళ్తుంది. పైకి వెళ్ళాక 61 దగ్గర ఆగుతుందా 66 దగ్గరా అన్నదాంట్లో అచ్చు పుష్టికి వాటా ఉంది, అది వేరే సంగతి. ఈ నియమంలో నాకొక న్యాయం కనిపిస్తుంది: ఇవ్వనిదాన్ని, పోగొట్టుకున్నట్టుగా నాణెం లెక్కలో రాయకూడదు. ఒక అన్యాయం కూడా కనిపిస్తుంది. పదిమంది చేతుల్లో తిరిగి పని చేయడం తప్పెలా అయింది?

ఈ రెండో మాట నన్ను పట్టుకున్నది అరకు కొండల్లో. ఏజెన్సీ సంతల్లో పాత తరం ఆడవాళ్ళ మెడల్లో వెండి రూపాయల దండలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి, ఆరో జార్జి, అందరూ ఒకే తాడు మీద. ప్రతి రూపాయికీ తల దగ్గర టంకం వేసిన చిన్న కొండీ. ఒకామె దండ దగ్గరగా చూడనిచ్చింది. ఎక్కడిదమ్మా అని అడిగితే, "మాయమ్మ యేసుకున్నాది బాబూ. ఆవిడికి వాళ్ళ అత్త యిచ్చింది. నా కోడలు మాత్రం యేసుకోనంటాది" అంది.

ఆ రూపాయల మీద అరుగుదల జేబుల్లో, గల్లాపెట్టెల్లో తిరిగిన నాణేల మీద ఉన్నట్టు లేదు. రెండు పక్కలా అంచు గీతలు పూర్తిగా నలిగిపోయాయి. నడిచినప్పుడల్లా పక్క రూపాయి తగిలే చోటు అది. పైనా కిందా మాత్రం అవే గీతలు గోటికి తగులుతున్నాయి. వెనుక వైపు, సంవత్సరం అంకెలున్న వైపు, ఒంటికి రాసుకుని సబ్బుబిళ్ళంత నున్నగా అయింది. ముందు వైపు రాణి ముఖం అంతగా అరగలేదు కానీ, పండగ పండక్కీ చింతపండు పెట్టి తోమడం వల్ల పుట్టుమెరుపు ఎప్పుడో పోయింది. ఒక రూపాయి మీద కిరీటం కింద పాయలు లేవు. దాని చుట్టూ అక్షరాలు నిండుగానే ఉన్నాయి, చెక్కిలి కూడా నిండుగానే ఉంది. అది అరుగుదల కాదు, కలకత్తాలోనో బొంబాయిలోనో అచ్చు పడని చోటు. దాని పక్కనున్న రూపాయి మీద కూడా పాయలు లేవు. కానీ దాని చెక్కిలి, కనుబొమ్మ, కిరీటం అన్నీ ఒకే తీరుగా మెత్తబడ్డాయి. అంగుళం దూరంలో, ఒకే గుండె మీద, ఒకేలా కనిపించే రెండు లేములు. ఒకటి ఎప్పుడూ లేనిది, ఒకటి ఉండి పోయినది.

గ్రేడింగ్ సంస్థలు ఇలాంటి నాణేలకు అంకె ఇవ్వవు. టంకం పడిందంటే పాడైనట్టే లెక్క. సర్కారుకీ ఒకప్పుడు ఇలాంటి లెక్క ఉండేది, కాకపోతే అది కారణం కూడా అడిగేది. 1906 నాణేల చట్టం ప్రకారం, రూపాయి తన ప్రమాణమైన 180 గ్రెయిన్ల బరువులో, అంటే మన తులంలో, నూటికి రెండు వంతులకు మించి తగ్గకూడదనే నియమం ఉండేది. తగ్గితే అది సహజంగా అరిగిందా, ఎవరైనా కావాలని గీకారా అని తేల్చి, దాన్నిబట్టి ఖజానాలో దాని విలువ నిర్ణయించేవారు. తగ్గడం ఒకటే, తగ్గిన కారణాన్నిబట్టి న్యాయం మారుతుంది. నాణేల విషయంలో ప్రభుత్వాలకు ఈ సూక్ష్మం బాగానే తెలుసు.

అరుగుదలని లోపంగా చూడని మనిషి ఒకాయన ఉన్నాడు. దామోదర్ ధర్మానంద్ కోశాంబి గణితశాస్త్రవేత్త, 1907లో గోవాలో పుట్టాడు. 1940ల తొలి రోజుల్లో ఆయన తక్షశిలలో దొరికిన ప్రాచీన వెండి విద్ధాంక నాణేలని, అంటే విడివిడి ముద్రలు గుద్దిన నాణేలని, ఒక్కొక్కటే తూకం వేశాడు. నాణెం ఎంతకాలం జనంలో తిరిగితే అంత బరువు కోల్పోతుంది. ఒక్క నాణేన్ని చూసి ఏమీ చెప్పలేం, పుట్టుకతోనే ఒకటి కాస్త బరువు, ఒకటి కాస్త తేలిక కావచ్చు. వందల నాణేల సగటు తీస్తే పుట్టుక నాటి తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, కాలం తీసుకున్నది మాత్రమే మిగులుతుంది. ఆ మిగిలినదాంట్లోంచి ఆయన ఏ ముద్ర ముందుదో, ఏది వెనుకదో చదివాడు. సేకర్త పక్కనపెట్టే అరుగుదలే ఆయనకి చరిత్ర పుస్తకం. ఎవరూ ముట్టుకోని నాణెం ఆయనకి చెప్పగలిగింది తక్కువ.

నాణేల్నీ మనుషుల్నీ ఒకే జీవితకాలంలో కొలిచినవాడు మరొకాయన. ఎడ్గార్ థర్‌స్టన్ 1885 నుంచి 1908 వరకు మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి అధిపతి. దక్షిణ భారతంలో ఈస్టిండియా కంపెనీ నాణేల మీద 1890లో పుస్తకం వేశాడు. 1909లో రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. గదబలు, పోరజలు, కొండదొరలు, ఖోండులు, సవరలు, మన తూర్పు కనుమల జనమంతా అందులో ఉన్నారు. ఆయన పనిముట్లలో ముక్కు పొడవూ వెడల్పూ కొలిచే కాలిపర్ ఒకటి. ఆ సంపుటాల్లో విలువైన సమాచారం చాలా ఉంది, ఇవాళ్టికీ వాటి దగ్గరికి వెళ్ళకుండా పని జరగదు. కానీ కాలిపర్ పట్టుకున్న చేతిని గురించి అడగాల్సిన ప్రశ్న ఉంది. నాణేన్ని కొలిచేటప్పుడు దాని అచ్చు ఏదో మనకి తెలుసు. అచ్చులో ఏముందో తెలిస్తేనే నాణెం మీద ఏది లేదో చెప్పగలం. మనిషి ముఖాన్ని కొలిచేటప్పుడు మన దగ్గరున్న అచ్చు ఎవరిది?

కొండల గురించి మైదానంలో ఎక్కువగా వినబడే మాట 'వెనుకబాటు'. కాగితాల మీదా అదే, ఉపన్యాసాల్లోనూ అదే. ఆ మాటలో ఒక తీర్పు దాగి ఉంది. ఇక్కడ ఏదో మొదటినుంచీ పడలేదు, మేము వచ్చి పడేలా చేస్తాం అని. చదువు పడలేదు, రోడ్డు పడలేదు, డబ్బు లెక్క పడలేదు. నిజమే, కొన్ని పడలేదు. ఆస్పత్రి లేని ఊరికి ఆస్పత్రి లేదు, దాన్ని మరో మాటతో చెప్పనక్కర్లేదు. డోలీలో గర్భిణిని మోసుకెళ్ళే దారిలో తత్వం మాట్లాడటం తప్పు. కానీ ఆ చదునంతా పుట్టుకతో వచ్చిందేనా? నేల మీద ఒక్క దీపం పెట్టి వంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టుకునే కొండ రిజర్వు అయింది. 1922లో గూడెం, రంప కొండల్లో తిరుగుబాటు లేచే నాటికి, రోడ్డు పనికి మనుషుల్ని లాక్కెళ్ళి కూలి సరిగ్గా ఇవ్వని అధికారుల మీద కొండలు కుతకుతలాడుతున్నాయి. దానికి ముందే 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం చేసింది. ఏడాదికి 24 శాతం మించి వడ్డీ గుంజరాదు, చక్రవడ్డీ కూడదు, అనుమతి లేకుండా కొండవాళ్ళ భూమి బయటివాళ్ళ పేరుకి మారరాదు. ఈ చట్టాన్ని సాక్ష్యంగా చదవాలని నా మనవి. ఎవరూ ఏమీ తీసుకోని చోట తీసుకోరాదని చట్టం ఎందుకు పుడుతుంది? అక్కడ భూమి ఉంది, పంట ఉంది, పోగొట్టుకోవడానికి సరిపడా ఉంది. లేనివాడి దగ్గర సావుకారు ఆగడు. రూపాయి కొండెక్కింది ఉప్పుతో, అప్పుతో. ఆ రూపాయల్లోనే కొన్నింటికి ఆడవాళ్ళు కొండీ వేయించి మెడలో కట్టుకున్నారు. నాకు అనిపిస్తుంది, దండలోకి ఎక్కిన రూపాయి కనీసం మళ్ళీ సావుకారు లెక్కలోకి దిగకుండా ఆగిందని. అలా అనుకునే కట్టుకున్నారో, అందానికి కట్టుకున్నారో, రెంటికీనో, అడిగితే చెప్పగలిగిన తరం దాటిపోతోంది.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలైంది. దాని జలాశయం కింద ఊళ్ళు మునిగాయి. ఊళ్ళు విడిచిపోవాల్సి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆదివాసీలు. కరెంటు ముందుగా వెలిగింది వాళ్ళ ఇళ్ళలో కాదు. ఇది అచ్చు పడకపోవడమా, అరుగుదలా? వాళ్ళ ఇంట్లో దీపం లేదన్నది ఒక లేమి, వాళ్ళ పొలం నీళ్ళ కింద ఉందన్నది మరొకటి. ఈ రెంటినీ కలిపి ఒకే మాటతో వెనుకబాటు అని రాసేస్తే, ఇవ్వాల్సిన బాకీ కాస్తా చేసే దానంగా మారిపోతుంది. నా బాధంతా ఇక్కడే. దానం చేసేవాడు ఎంత ఇవ్వాలో తానే నిర్ణయిస్తాడు. బాకీకి లెక్క ఉంటుంది.

అచ్చు సంగతికి మళ్ళీ రావాలి. మన కోస్తాకి యంత్రంతో కొట్టిన నాణెం చాలా తొందరగా వచ్చింది. ఉత్తర సర్కారుల కోసం కంపెనీ 1794 సంవత్సరంతో రాగి నాణేలు చేయించింది. నలభై ఎనిమిదింటికి ఒక రూపాయి అని వాటి మీదే రాసి ఉంటుంది. అవి మచిలీపట్నంలో తయారైనవి కావు. జేమ్స్ వాట్ భాగస్వామి మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాలతో నడిపిన సోహో టంకశాలలో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర, కొట్టి ఓడల్లో పంపినవి. అచ్చు అక్కడిది, చేతులు ఇక్కడివి. 1911లో ఐదో జార్జి రూపాయి వచ్చినప్పుడు రాజు అంగీ మీది ఏనుగు జనం కంటికి పందిలా కనబడి పెద్ద గొడవైంది. మరుసటి ఏడాది తొండం దిద్దారు. ఆ నాణెం అరగలేదు, దెబ్బా బలంగానే పడింది. తప్పు అచ్చులో ఉంది. ఆ మూడో సంగతిని గ్రేడింగ్ అంకె చూపించదు. చెక్కినవాడు కొత్త అచ్చు చెక్కాల్సి వచ్చింది, నాణేన్ని తప్పుపట్టి లాభం లేకపోయింది.

కొండపిల్లవాడు బడిలో మాట్లాడటం లేదంటే మనం ఏ అచ్చుతో పోల్చి ఆ మాట అంటున్నాం? ఇంట్లో గదబ మాట్లాడతాడు, లేదా కువి, లేదా ఆదివాసీ ఒరియా. సంతలో మరో భాషలో బేరమాడతాడు. ఒకటో తరగతిలో అ అంటే అమ్మ దగ్గర ఆగిపోతాడు. అతని మీద తెలుగు అచ్చు సరిగ్గా పడలేదని రిజిస్టరు అంటుంది. గిడుగు రామమూర్తి ఈ ప్రశ్నని మనకంటే ఎంతో ముందే అందుకున్నాడు. వాడుక భాష ఉద్యమకారుడిగా ఆయన్ని తలుచుకుంటాం కానీ, దానికి ముందే పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే పాఠాలు తయారుచేసిన మనిషి ఆయన. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. థర్‌స్టన్ సంపుటాల్లో సవరల గురించిన భాగంలో గిడుగువారు అందించిన సమాచారం ఉంది. ఒకే జనం దగ్గరికి వెళ్ళారు ఇద్దరూ. ఒకరు ముక్కు కొలిచే పరికరంతో వెళ్ళారు, ఒకరు ఆ భాష పలకడానికి తన నాలుక తిప్పుకుంటూ వెళ్ళారు. ఇద్దరి పనీ నిలిచింది. కానీ పిల్లవాడు నోరు విప్పింది ఎవరి ముందు? 2000ల మధ్యలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కువి, కొండ, ఆదివాసీ ఒరియా, సవర లాంటి భాషల్లో తొలి తరగతుల పుస్తకాలు వేసినప్పుడు, గిడుగు వేసిన దారికే వందేళ్ళ తర్వాత చేరింది.

ఇంతా చెప్పాక ఒప్పుకోవాల్సిన చిక్కు ఒకటుంది. కొన్ని నాణేల మీద ఎంత దీపం వంచినా తేలదు. అచ్చు పీలగా పడి, ఆపైన అరిగినవి ఉంటాయి. రెండూ ఒకే చదునులో కలిసిపోతాయి. అప్పుడు పరీక్షించేవాడు తక్కువ అంకె వైపే మొగ్గుతాడు. కొనేవాడు మోసపోకూడదని. సరుకు విషయంలో అది సబబే. మనుషుల్లోనూ ఈ చిక్కు ఉంది. తరతరాలుగా ఇవ్వనిదీ, తరతరాలుగా తీసుకున్నదీ ఒకే ముఖం మీద ఎక్కడ విడిపోతాయో ఏ పండితుడూ గీత గీసి చూపలేడు. ఒక్కోసారి ఆ మనిషే చెప్పలేడు. అలాంటి చోట ఏ వైపు మొగ్గాలి?

దీనికి ఒక జవాబు మన చట్టాల్లోనే ఉంది. కొండల్లో అందరూ 1/70 అని పిలిచే చట్టం, 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకి 1970లో చేసిన సవరణ. అందులో ఒక ఊహ ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని అవతలివాడు రుజువు చేసేదాకా. అనుమానం ఉన్నప్పుడు, ఒకప్పుడు వీళ్ళకి ఉండేదనే వైపు మొగ్గమంటోంది చట్టం. నాణేల పరీక్షకుడు మొగ్గే దిక్కుకి ఇది సరిగ్గా ఎదురు. 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చూసిన గనుల లీజులు కూడా ఇక్కడివే, అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కలవి. గిరిజనేతరులకి ఇచ్చిన ఆ లీజులు చెల్లవన్న తీర్పు వెనకా ఆ ఆలోచనకి దగ్గరిదే నడిచింది.

భూమికి వర్తించే ఆ ఊహని నేను మనుషుల దగ్గరికీ తీసుకెళ్ళాలంటాను. దీనివల్ల కొన్నిసార్లు పొరబడతాం, లేనిదాన్ని ఉండేదనుకుంటాం. ఆ పొరపాటు ఖరీదు తక్కువ. ఆశ్రమ పాఠశాలలో వారం రోజులుగా నోరు మెదపని పిల్లని ఇంటికి పంపేయాలా అని వార్డెను అడిగితే, ముందు ఆ పిల్ల ఊరి మాట వచ్చినవాళ్ళని ఎవరినైనా, వంటమనిషినైనా సరే, పిలిచి పక్కన కూర్చోబెట్టండమ్మా అంటాను. రిజిస్టరులో ఏం రాయాలో ఆ తర్వాత చూసుకోవచ్చు.